ముందు హైడ్రెంట్ ఉన్న లాట్ గురించి అమ్మాయికి

చి. ల. సౌ. బుజ్జమ్మకు నాన్న దీవెనలు. అల్లుడుగారికి మా ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా.

టెక్సాస్‌లోని సెలీనాలో ఇల్లు కట్టించుకోవడానికి మీరు చూసుకున్న లాట్, అదే ఇంటి స్థలం, ఫొటోలు అందాయి. ఫోన్‌లో అయితే మాట మాటకీ మధ్యలో ఇంకో విషయం వచ్చి పడుతుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ముందే చెప్తున్నా, లాట్ నాకు నచ్చింది. ముందు హైడ్రెంట్, అంటే ఫైరింజన్ నీళ్ళు పట్టుకునే కుళాయి స్తంభం, ఉందని వదులుకోకండి. కాకపోతే సంతకం పెట్టేలోపు గ్యారేజ్ ఎటువైపు వస్తుందో తేల్చుకోండి. కార్లు పెట్టుకునే జాగా పోతుందనీ, అది గుమ్మానికి ఎదురుగా వస్తుందనీ మీకున్న టెన్షన్ ఆ ఒక్క దాంతో తీరిపోతుంది.

నా ఉద్యోగం అంతా ఫైర్ స్టేషన్లోనే గడిచిందని నీకు తెలుసు. మన దగ్గర ఫైరింజన్ తన నీళ్ళు తానే మోసుకెళ్ళాలి. మా బండి ట్యాంకు 4500 లీటర్లు. మే నెలలో తాటాకు ఇళ్ళు అంటుకున్నాయంటే అవి ఏ మూలకీ చాలేవి కావు. పైగా ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. ఇక మంచినీళ్ళ చెరువే దిక్కు. సక్షన్ గొట్టం చెరువులోకి దించితే దాని చివరి జల్లెడకు గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకుని పంపు నీళ్ళు లాగేది కాదు. మోకాలి లోతు బురదలో దిగి ఆ వేళ్ళు చేత్తో పీకి పారేస్తుంటే, అవతల ఊళ్ళోంచి ఆడవాళ్ళ ఏడుపులు వినపడేవి. ట్యాంకు నింపుకుని వెళ్ళేసరికి ఇంకో నాలుగిళ్ళు పోయేవి. అందుకే నీ ఇంటి ముందు ఆ హైడ్రెంట్ ఫొటోలో చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మీ దగ్గర ఫైరింజన్లలో చాలావాటికి ట్యాంకు 500 నుంచి 1000 గ్యాలన్లే ఉంటుంది (గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు). ఒక్క గొట్టం నిమిషానికి 150 గ్యాలన్లు చిమ్మినా 500 గ్యాలన్లు మూడున్నర నిమిషాల్లోపే అయిపోతాయి. ఆలోపు హైడ్రెంట్‌కి గొట్టం తగిలించాలి. దాని టోపీ రంగు ఈసారి వెళ్ళినప్పుడు చూడు. అమెరికాలో చాలాచోట్ల లేత నీలం అంటే నిమిషానికి 1500 గ్యాలన్లు, ఆపైన. ఆకుపచ్చ అయితే 1000కి తగ్గదు, నారింజ అయితే 500కి తగ్గదు, ఎరుపు అంతకన్నా తక్కువ. ఊరిని బట్టి రంగులు మారొచ్చు కాబట్టి సిటీ వాళ్ళని అడగండి. నలుపు ఉంటే మాత్రం ఆలోచించాలి. మంటలార్పడానికి పనికిరాని వాటికి నలుపు వేయాలని టెక్సాస్ చట్టమే ఉంది.

ఇప్పుడు పార్కింగ్ లెక్క. టెక్సాస్‌లో హైడ్రెంట్‌కి 15 అడుగుల లోపు రోడ్డు మీద కారు ఆపకూడదు. రెండు వైపులా కలిపితే 30 అడుగులు. మీ లాట్ వెడల్పు 50 అడుగులే. హైడ్రెంట్ సరిగ్గా మధ్యలో ఉండుంటే నేనే వద్దనేవాణ్ణి. ఫొటోలో చూస్తే ఎడమ పక్క సరిహద్దు మీదే ఉన్నట్టుంది. అలా అయితే మీ వైపు పోయేది 15 అడుగులే, మిగతా 15 పక్కింటి వాళ్ళ వైపు పోతుంది.

బిల్డర్ పంపిన ప్లాన్‌లో గ్యారేజ్ కుడివైపు ఉంది. 16 అడుగుల డ్రైవ్‌వే, కుడి సరిహద్దు నుంచి 5 అడుగులు వదిలి. అంటే ఎడమ 15 అడుగులు హైడ్రెంట్‌కి, కుడి 21 అడుగులు డ్రైవ్‌వేకి పోతే మధ్యలో మిగిలేది 14 అడుగులు. అందులో కారు పట్టదు. అదే ప్లాన్‌ని అద్దంలో చూసినట్టు తిప్పి, గ్యారేజ్ ఎడమవైపు వేయించండి. డ్రైవ్‌వే ముందు ఎలాగూ ఎవరూ కారు పెట్టరు కదా. హైడ్రెంట్ వల్ల పోయే జాగాలో చాలా భాగం అందులోనే కలిసిపోతుంది. అప్పుడు కుడివైపు 29 అడుగులు ఏకంగా మిగులుతుంది. ఒక పెద్ద కారు దర్జాగా పెట్టుకోవచ్చు. డ్రైవ్‌వేకీ హైడ్రెంట్‌కీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఒక్కో సిటీకి ఒక్కో రూల్ ఉంటుంది. అది బిల్డర్ చేత రాయించుకో. రివర్స్ చేసేటప్పుడు తగలకుండా ఉండేంత ఎడం మాత్రం తప్పనిసరి. డ్రైవ్‌వే పోశాక హైడ్రెంట్‌ని జరిపించాలంటే వేల డాలర్లు మీ నెత్తినే పడతాయి.

సత్యనారాయణ వ్రతానికి వచ్చేవాళ్ళందరికీ ఆ 15 అడుగుల సంగతి ముందే మెసేజ్ పెట్టు. అడ్డంగా కారు ఉంటే అద్దాలు పగలగొట్టి లోపల్నుంచి గొట్టం దూర్చిన సందర్భాలు అమెరికాలో ఉన్నాయి. నేను ఆ సిబ్బందిలో ఉన్నా అదే చేస్తాను.

మీ అత్తగారు గుమ్మానికి ఎదురుగా ఎర్ర స్తంభం ఏమిటని బాధపడుతున్నారన్నావు. ఆవిడ మాట తీసెయ్యకు. ద్వార వేధ అనేది గుమ్మానికి తిన్నగా ఎదురుగా స్తంభమో చెట్టో బావో ఉంటేనే పట్టించుకునేది. గ్యారేజ్ ఎడమకి వెళ్తే గుమ్మం కుడివైపు వస్తుంది, హైడ్రెంట్ ఎక్కడో మూల మిగిలిపోతుంది. ఆవిడకు ఆ కొత్త ప్లాన్ కాగితం చూపించి చెప్పు, తృప్తి పడతారు.

కారు గుద్దితే సినిమాల్లోలా ఆకాశానికి నీళ్ళు చిమ్ముతుందని అల్లుడుగారి భయం. మీ వైపు ఎక్కువగా వాడేది లోపల పొడిగా ఉండే రకం. నీళ్ళాపే వాల్వు భూమి లోతున ఉంటుంది. గుద్దితే పైభాగం విరిగి పడేలానే తయారుచేస్తారు, వాల్వు మూసుకునే ఉంటుంది. 2021 ఫిబ్రవరి చలికి ఇళ్ళల్లో పైపులు పగిలినట్టు ఇది పగలకపోవడానికి కూడా కారణం అదే.

ఇన్సూరెన్స్ తగ్గుతుందని బిల్డర్ సేల్స్ వాళ్ళు చెప్పి ఆ పేరుతో లాట్ ప్రీమియం, అంటే స్థలానికి అదనపు ధర, అడిగితే ఒప్పుకోకండి. కంపెనీలు సాధారణంగా చూసేది 1000 అడుగుల లోపు హైడ్రెంట్ ఉందా, 5 మైళ్ళ లోపు ఫైర్ స్టేషన్ ఉందా అన్నదే. వీధిలో పది ఇళ్ళ అవతల ఉన్నవాళ్ళకీ మీకూ తేడా ఉండదు. ఎదురు మీరే పార్కింగ్ పోతోందని చెప్పి తగ్గించమనండి, ఇస్తే మంచిదే.

మీది చివర మూసుకుపోయే వీధి కదా, ఇంకో మాట కనుక్కో. అలాంటి చోట పైపులో నీళ్ళు నిలవుంటాయి కాబట్టి హైడ్రెంట్ తెరిచి అప్పుడప్పుడూ వదిలేస్తారు. ఆ రోజు కుళాయిలో మట్టిరంగు నీళ్ళు రావొచ్చు. తెల్లబట్టలు మెషిన్లో వేయకు, కాసేపు చన్నీళ్ళు వదిలెయ్యి, తేటబడతాయి.

మొక్కలంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు. హైడ్రెంట్ చుట్టూ మూడడుగులు మాత్రం ఖాళీగా ఉంచు. బంతి, కనకాంబరం ఏదైనా ఆ గీతకి అవతలే. ఎరుపు బాగాలేదని పొదలతో కప్పేవాళ్ళున్నారు, రాత్రిపూట పొగలో వెతుక్కునేవాళ్ళకి అది కనపడాలి తల్లీ. దానికి రంగులు వేయడం, జరపడం మన చేతిలో లేదు, అది సిటీదో, నీళ్ళు సరఫరా చేసే వాటర్ డిస్ట్రిక్ట్‌దో అవుతుంది. దాని దగ్గర ఈజ్‌మెంట్, అంటే పైపుల లాంటి పనుల కోసం వాళ్ళు వాడుకునే హక్కున్న జాగా, ఎంత ఉందో సర్వే కాగితంలో ఉంటుంది, కంచె వేసే ముందు చూసుకోవాలి.

ఈ శనివారం వెళ్తే టేపు పట్టుకెళ్ళు. ఎడమ సరిహద్దు గుర్తు నుంచి హైడ్రెంట్ మధ్యకి, అక్కణ్ణుంచి రోడ్డు అంచుకి కొలిచి అంకెలు నాకు పంపు. బిల్డర్ ఇచ్చే తిప్పిన ప్లాన్ కూడా పెట్టు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. అడ్వాన్సు కట్టేది ఆ తర్వాతే. అమ్మ గృహప్రవేశానికి ముహూర్తాలు చూపిస్తోంది, ఇల్లు ఎప్పటికి అప్పగిస్తారో అడిగి చెప్పమంది.

ఇట్లు,
మీ నాన్న