మన పిల్లల కంచంలో గుగ్గిళ్లేవిరా?

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం నిన్న అందింది. మీవాడు జిమ్ములో ఎవరో చెప్పారని ప్రొటీన్ డబ్బా కొనమని గొడవ చేస్తున్నాడన్నావు. కొనకురా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కండల కోసం ఆ పొడులు వాడొద్దనే చెప్పింది. ఇంటర్ చదివే కుర్రాడికి రోజుకు కావలసింది సుమారు 55 గ్రాముల మాంసకృత్తులు. ఇంటి తిండితోనే వస్తాయి. కాకపోతే ఆ తిండి ఇంట్లో ఉండాలి కదా, నా బాధంతా అదే.

మన చిన్నప్పుడు కోడికూరంటే పండగకో, అల్లుడొస్తేనో. ఇంటిల్లిపాదికీ ఒక్క నాటుకోడి, మనకి దక్కేది రెండు ముక్కలూ బోలెడు పులుసూ. రోజువారీ బలమంతా పప్పు, మజ్జిగ, కాలవ చేపలదే. వేసవిలో కాలవలు కట్టేశాక మడుగుల్లో పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు పట్టేవాళ్లం గుర్తుందా? మీ అమ్మగారు చింతచిగురేసి వండితే చిన్న చేపల్ని ముళ్లతో సహా నమిలేసేవాళ్లం. బడి నుంచి రాగానే శనగలో అలసందలో ఉడకబెట్టి, ఎండుమిర్చి పోపు పెట్టి, కొబ్బరి కోరు జల్లిన గుగ్గిళ్లు. చలికాలమొస్తే సున్నుండలు.

ఇప్పుడు పొలాల్లో పురుగుమందులు పడ్డాక బోదెల్లో పరిగె కనబడటమే గగనమైంది. కొల్లేరు చుట్టూ చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి ఐసులో పెట్టి కలకత్తా, అస్సాం లారీలెక్కిస్తున్నారు. పిల్లలు తినే చిన్న చేప మాత్రం పోయింది.

పప్పు సంగతి ఇంకా బాధ. దేశంలో మనిషికి రోజుకు 1961లో సుమారు 69 గ్రాముల పప్పుధాన్యాలు అందుబాటులో ఉంటే, 2001 నాటికి అది 30కి పడిపోయింది. జనం పెరిగినంతగా పంట పెరగలేదు. నీళ్లున్న మంచి భూమి వరికీ గోధుమకీ పోయింది, కందీ పెసరా మెట్టకు మిగిలాయి. తర్వాత కాస్త కోలుకున్నా, 2015లో కందిపప్పు కిలో 200 దాటిందిగా, అప్పుడు ముద్దపప్పు ఎన్ని ఇళ్లలో పలచటి చారైపోయిందో! 1983 నాటి రెండు రూపాయల బియ్యాన్ని నేను తప్పు పట్టను, ఎన్నో కడుపులు నింపింది. కానీ మాంసకృత్తులు తయారవడానికి లైసిన్, మెథియొనిన్ లాంటి ముడిసరుకులు కావాలిరా. అన్నంలో లైసిన్ తక్కువ, అది పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో మెథియొనిన్ తక్కువ, అది అన్నంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే పిల్లాడికి ఒంటపడుతుంది. పప్పు పలచబడితే అన్నం ఎంత పెట్టినా ఆ లోటు లోటే.

ఆ లోటును చాలావరకు పూడ్చింది గుడ్డేరా. 1971లో బి.వి. రావు గారు వెంకటేశ్వర హేచరీస్ అని కోడిపిల్లల్ని పొదిగించే కంపెనీ పెట్టిన కాలం నుంచి కోళ్ల పెంపకం తీరే మారిపోయింది. మన తణుకు, అనపర్తి గుడ్లు ఇప్పుడు ఒడిశా, బెంగాల్ దాకా పోతున్నాయి. అన్నిటికన్నా నాకు ఇష్టమైన మార్పు మాత్రం బడిలో పెట్టే గుడ్డు. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది, మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. మా వీధి చివరి బడిలో ఓ చిన్నపిల్ల ముందు తెల్లసొన తినేసి, పచ్చసొనను పప్పన్నంలో వేళ్లతో మెదిపి కలుపుకుంటుంది. ఇంట్లో గుడ్డు కొనలేని పిల్లకి, కొనగలిగిన పిల్లకి పక్కపక్కనే ఒకే గుడ్డు! ఇంతకన్నా మంచి ఖర్చు ప్రభుత్వానికి ఇంకోటుందంటే నేను ఒప్పుకోను. గుడ్డు తినని పిల్లలకి మాత్రం సరిసమానంగా ఇంకేదైనా ఉండాలి.

పెద్ద పిల్లల గురించే నా దిగులు. ఆదివారం బ్రాయిలర్ కోడి కిలోలకు కిలోలు, మిగతా వారమంతా చిప్సూ నూడుల్సూ. హాస్టళ్లలో నీళ్ల సాంబారు, ఎప్పుడైనా మీల్ మేకర్ కూర. ఆ మీల్ మేకర్ నిజానికి మంచిదే, సోయాలో బలం ఎక్కువ. నెలకోసారి కాకుండా వారానికి రెండుసార్లు వండితే ఏం పోయింది?

మీవాడికి రోజూ రెండు గుడ్లు పెట్టు, పన్నెండు గ్రాముల మాంసకృత్తులొస్తాయి. గట్టి పప్పు, గ్లాసుడు పాలు, పెరుగు, సాయంత్రం గుప్పెడు గుగ్గిళ్లు. అన్నంలోదీ కలుపుకుంటే లెక్క సరిపోతుంది. సంక్రాంతికి కొత్త కందులొస్తాయి, పప్పు విరిపించి పది కిలోలు పార్సిల్ చేస్తాను. చెల్లెమ్మకి చెప్పు, అలసందలు కూడా కావాలంటే ఇప్పుడే అడగమను.

నీ
సత్తిబాబు