పిన్ను పడితే చాలదు, వాట్లు సరిపోవాలి

సంపాదకులకు నమస్కారం.

మా దేవరకొండ ప్రాంతంలో పిల్లల చదువు కోసం కొనే లాప్‌టాప్‌లలో చాలావరకు కొత్తవి కావు. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు వాడి వదిలేసినవాటిని బాగుచేసి అమ్మితే కొంటున్నాం. వాటితో వచ్చే ఛార్జర్ అసలు ఆ యంత్రానిదేనా అని అడిగేవారు తక్కువ. నేనూ అడగలేదు. దాని ఫలితంగా మూడు నెలలు మా ఇంట్లో పడిన ఇబ్బంది మరొకరికి రాకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

ఎంసీఏ చదువుతున్న మా అమ్మాయికి అలాంటి లాప్‌టాప్ ఒకటి కొన్నాం. దాంతో వచ్చిన ఛార్జర్ తీగ కొన్నాళ్లకే తెగిపోవడంతో నల్లగొండలో ఒక దుకాణానికి వెళ్లి మరొకటి తెచ్చాను. దుకాణదారు చేసిన పరీక్ష ఒక్కటే: పిన్ను గుచ్చి చూశాడు, పట్టింది, లైటు వెలిగింది, బిల్లు మీద ‘అడాప్టర్–1’ అని రాసి ఇచ్చాడు. ఆ వారం నుంచే లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలైంది. ముందుగా ఏ హెచ్చరికా ఉండదు, సగం రాసిన ప్రాజెక్టు పోతుంది.

మొదట కరెంటును అనుమానించాం. యాసంగిలో బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ వోల్టేజీ పడిపోవడం మాకు అలవాటే కదా. కానీ అడాప్టర్ మీద ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు’ అని ఉంటుంది. ఫ్యాను నెమ్మదించేంతగా వోల్టేజీ తగ్గినా అది పనిచేయాలి. తర్వాత మరమ్మతు దుకాణానికి ఇస్తే విండోస్ మళ్లీ ఎక్కించి 500 రూపాయలు తీసుకున్నారు. రెండోసారి ఫ్యాను శుభ్రం చేసి, లోపలి చిప్పు వేడిని బయటకు పంపే పేస్టు మార్చి 800 తీసుకున్నారు. మూడోసారి తెరమీద ‘కెర్నల్–పవర్ 41’ అనే నమోదును చూపించి, ఇది మదర్‌బోర్డు లోపమని, ఏడు వేలు అవుతుందని చెప్పారు. ఆ నమోదుకు అర్థం లాప్‌టాప్ పద్ధతిగా మూతపడకుండా హఠాత్తుగా ఆరిపోయిందని మాత్రమే. ఎందుకు ఆరిపోయిందో అది చెప్పదు. ఈ సంగతి నాకూ ఆ తర్వాతే తెలిసింది.

ఒక రాత్రి మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు వింటుండగా పక్కన కూర్చొని, తెర వైపు చూడటం మాని నేలమీది అడాప్టర్‌నే గమనించాను. క్లాసు వీడియో నడుస్తుండగానే ఇంకో పెద్ద ప్రోగ్రాం తెరిచింది. ఫ్యాను ఒక్కసారి గట్టిగా తిరిగింది. లాప్‌టాప్ ఆరిపోయిన క్షణంలోనే అడాప్టర్ మీది చిన్న ఆకుపచ్చ లైటు కూడా ఆరిపోయింది, ఇంట్లో కరెంటు మాత్రం ఉంది. ప్లగ్గు తీసి, పది లెక్కపెట్టి మళ్లీ పెడితే లైటు తిరిగి వచ్చింది. మోయలేని బరువు పడినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి అడాప్టర్ అలా తానే ఆగిపోతుంది. టైపింగ్ మాత్రమే చేసిన రోజుల్లో ఎప్పుడూ ఎందుకు ఆరిపోలేదో అప్పుడు అర్థమైంది.

కళ్లద్దాలు పెట్టుకొని లాప్‌టాప్ అడుగున చూస్తే 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు అని ఉంది. అడాప్టర్ అవుట్‌పుట్ దగ్గర 19.5 వోల్టులు, 2.31 ఆంపియర్లు అని ఉంది. పొటెన్షియల్ భేదాన్ని (వోల్టులు) విద్యుత్ ప్రవాహంతో (ఆంపియర్లు) గుణిస్తే సామర్థ్యం (వాట్లు) వస్తుందని ముప్పై ఏళ్లు పదో తరగతి పిల్లలకు చెప్పిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుణ్ణి నేను. 90 వాట్లు అడిగే యంత్రానికి 45 వాట్లు ఇచ్చేదాన్ని తగిలించి మూడు నెలలు దుకాణాల చుట్టూ తిరిగానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. స్నేహితుడి దగ్గర అదే కంపెనీ 90 వాట్ల అడాప్టర్ అడిగి తెచ్చి పెడితే రోజంతా నడిచింది.

బ్యాటరీ బాగున్న లాప్‌టాప్ అయితే ఈ లోపం ఇంత త్వరగా బయటపడదు. తక్కువైన కరెంటును బ్యాటరీ సర్దుతుంది కనుక, ఛార్జింగ్‌లో ఉన్నా శాతం తగ్గుతూ రావడమే అక్కడ గుర్తు. మాది ఐదు నిమిషాలు కూడా ఆగని పాత బ్యాటరీ, ఆదుకునేది ఏదీ లేక నేరుగా ఆరిపోయేది. కొన్ని కంపెనీలు పిన్ను మధ్యలో ఉండే సన్నని సూది ద్వారా అడాప్టర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కు తెలియజేస్తాయి. ఆ సమాచారం అందకపోతే బ్యాటరీ ఛార్జింగ్ ఆగిపోవడం, యంత్రం మందగించడం జరుగుతుంది. దుమ్ము పట్టి వేడెక్కి ఆరిపోవడం వేరు: అందులో అడుగుభాగం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, అడాప్టర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఎక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెడితే లాప్‌టాప్ కాలిపోతుందన్న భయం మా వైపు చాలామందికి ఉంది. మరమ్మతు చేసేవారే అలా చెప్పడం విన్నాను. వోల్టులు సమానంగా ఉండాలి, ఆంపియర్లు లాప్‌టాప్ మీద రాసినన్ని గానీ అంతకు మించి గానీ ఉండాలి. యంత్రం తనకు కావలసినంతే తీసుకుంటుంది. ఫోన్లకు వాడే టైప్–సి పిన్నే లాప్‌టాప్‌లకూ వచ్చాక పిన్నుల గోల తగ్గింది కానీ వాట్ల గోల తగ్గలేదు. ఫోను ఛార్జర్ కూడా అందులో పడుతుంది, పైగా సాధారణ 3 ఆంపియర్ల కేబుల్ 20 వోల్టుల దగ్గర 60 వాట్లకు మించి మోయదు.

అమ్మకందారులకు నా విన్నపం చిన్నదే. ‘అడాప్టర్–1’ అని కాకుండా వోల్టులు, ఆంపియర్లు బిల్లు మీద రాసివ్వండి. కొనుక్కునే వస్తువు ప్రమాణం తెలుసుకునే హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. కంప్యూటర్ అడాప్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య లేబుల్ మీద ఉందో లేదో కొనే ముందే చూడవచ్చు, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోనూ వచ్చు. ఏ గుర్తూ లేని అడాప్టర్లను జిల్లా అధికారులు దుకాణాల్లో తనిఖీ చేస్తే మంచిది. మోసపోయామనుకున్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

నేను తెచ్చిన అడాప్టర్ లేబుల్ మీద మాత్రం ఆ నమోదు సంఖ్య ఉంది, రాసిన అంకెలూ నిజమే. అందుకే దాన్ని పారేయలేదు. అదే కంపెనీ చిన్న లాప్‌టాప్, 45 వాట్లదే, వాడుతున్న మా పాత సహోద్యోగికి ఇచ్చాను. అక్కడ ఇంతవరకు ఒక్కసారీ ఆరిపోలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.