టీఆర్6 కార్ల వెనుక భాగం బలపరిచే పని: మా పొరపాటు, మార్చుకున్న పద్ధతి

ట్రయంఫ్ టీఆర్6 కార్లను మా షెడ్డులో వదిలి వెళ్లినవారికి, పని పూర్తయి తీసుకువెళ్లినవారికి, వంతు కోసం ఎదురుచూస్తున్నవారికి నమస్కారం. ఇంజిన్ శక్తి పెంచుకున్న కార్లకు వెనుక డిఫరెన్షియల్‌నూ (ఇంజిన్ శక్తిని రెండు వెనుక చక్రాలకు పంచే గేర్ల గూడు), దాన్ని మోసే ఛాసిస్ (కారు అడుగు చట్రం) భాగాన్నీ బలపరిచే పని నేను మాట ఇచ్చిన తేదీల ప్రకారం నడవడం లేదు. సామాను ఆలస్యంగా రావడం ఇందుకు ఒక చిన్న కారణం మాత్రమే. మొదటి విడతలో చేసిన ఆరు కార్లలో మూడింటిని మళ్లీ విప్పవలసి రావడమే పెద్ద కారణం. ఎందుకు విప్పామో, ఇకమీదట ఏం మారుతుందో, మీలో ఎవరు కారు తిరిగి తేవాలో ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్కగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాయడం న్యాయమనిపించింది.

లోపం మొదట ఎర్ర కారులో బయటపడింది. క్లచ్ వదలగానే సీటు వెనకాల ఎవరో సుత్తితో ఒక్క దెబ్బ వేసినట్టుందని దాని యజమాని చెప్పారు. షాఫ్ట్‌లను కలిపే కీలు, అంటే యూనివర్సల్ జాయింట్, అరిగిందనుకుని అందులో ఉండే క్రాస్ ముక్కలు రెండూ మార్చాం. శబ్దం పోలేదు. డిఫరెన్షియల్ దించి, దాన్ని ఛాసిస్‌కు బిగించే పిన్నుల్లో ముందువైపు వాటి దగ్గర మేము వేసిన వెల్డింగును తుడిచి చూస్తే అది చెక్కుచెదరలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. అంతలో మా కుర్రాడు లైటును పక్కకు తిప్పాడు. పిన్నులను మోసే క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డదూలం) కుడివైపు సైడ్ మెంబర్‌ను (పొడవు దూలాన్ని) కలిసే మూలలో, నల్ల పెయింటు మీద వెంట్రుకంత సన్నని తుప్పురంగు గీత కనిపించింది. కింద జాకీ పెట్టి క్రాస్ మెంబర్‌ను కొద్దిగా పైకి నొక్కితే ఆ గీత తెరుచుకుంది, జాకీ వదిలితే మూసుకుంది. మిగిలిన ఐదు కార్లనూ పిలిపించి, రంగు ద్రావకం పూసి పగుళ్లను బయటపెట్టే పరీక్ష చేస్తే మరో రెండింటిలో అదే చోట, అదే కుడివైపున పగులు మొదలై ఉంది.

కుడివైపే ఎందుకన్నది ఈ కారు పుట్టుకలోనే ఉంది. ఈ ఛాసిస్ అమరిక 1965లో వచ్చిన టీఆర్4ఏ అనే ముందటి మోడల్ నాటిది. ఆ కారులో నాలుగు సిలిండర్ల ఇంజిన్, శక్తి 104 హార్స్‌పవర్. 1967లో టీఆర్5తో అదే అమరిక మీదికి 2,498 సీసీల ఆరు సిలిండర్ల ఇంజిన్ వచ్చి, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న రకంలో శక్తి ఒక్కసారిగా 150 హార్స్‌పవర్‌కు చేరింది. 1976 దాకా తయారైన టీఆర్6 కింద ఉన్నదీ ఆ అమరికే. వెనుక ఒకే ఇనుప యాక్సిల్ ఉన్న కార్లలో డిఫరెన్షియల్ గూడు మెలితిరగబోతే ఆ బలాన్ని లీఫ్ స్ప్రింగులు పంచుకుంటాయి. టీఆర్6లో రెండు వెనుక చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉండి గూడు ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ బలమంతా నాలుగు పిన్నుల మీదనే పడుతుంది.

ఆ బలం ఎంతో అంకెల్లో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఫ్యాక్టరీ ఇంజిన్ సుమారు 220 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుందనుకుందాం. మొదటి గేరు దాన్ని దాదాపు మూడు రెట్లు చేస్తుంది కాబట్టి గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదికి 660 వస్తుంది. డిఫరెన్షియల్‌లో 3.45 నిష్పత్తి గల పళ్ల చక్రాల జత (క్రౌన్ వీల్, పినియన్) దాటేసరికి అది 2,300కు దగ్గరవుతుంది. చక్రాలను ముందుకు తిప్పే ఈ బలానికి ఎదురుగా గూడు ముక్కు పైకి లేవబోతుంది. అదే సమయంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే దిశ వల్ల గూడు కుడి అంచు పైకి, ఎడమ అంచు కిందికి ఒరగబోతుంది. రెండు బలాలూ ఒక్కచోట కలిసేది కుడివైపు ముందు పిన్ను దగ్గర. పాత టీఆర్6లలో ఎక్కువగా విరిగే పిన్ను అదే. ఇంజిన్ టార్క్‌ను 300కు పెంచితే చక్రాల దగ్గరి అంకె 3,100 దాటుతుంది, అదీ క్లచ్‌ను ఒక్కసారిగా వదిలే కుదుపును లెక్కలోకి తీసుకోకుండానే.

ఇదంతా మాకు ముందే తెలుసు. తెలిసే పిన్నుల చుట్టూ 3 మిల్లీమీటర్ల రేకుతో పెట్టె కట్టి వెల్డింగు చేశాం. మా తప్పు అక్కడితో ఆగిపోవడం. పిన్ను దగ్గర సాగే గుణం పోయాక బలం పక్కనున్న మూలకు జరిగింది. దానికి తోడు, వెనుక భాగం కదలకుండా ఉంటుందని మెత్తని రబ్బరు బుష్‌ల (బిగింపుల మధ్య వేసే మెత్తల) స్థానంలో గట్టి పాలీయురెథేన్ బుష్‌లు వేశాం. రబ్బరు మింగేసే కుదుపును ఇవి నేరుగా ఛాసిస్‌కు అందించాయి. రెండు మార్పులూ ఒకేసారి చేయకుండా ఉంటే ఏది ఎంత చెడు చేసిందో కనీసం తెలిసేది. ఇప్పుడు ఆ లెక్క తేలదు.

అందువల్ల పని వరుసనే మార్చాం. కారు లోపలికి రాగానే ఇంజిన్ జోలికి వెళ్లకుండా ముందు ఛాసిస్ వెనుక భాగమంతా పెయింటు తీసి చూస్తాం. ట్రెయిలింగ్ ఆర్మ్‌లు (వెనుక చక్రాలను పట్టుకునే చేతులు) బిగించే చోట తుప్పు లోపలినుంచి తింటుంది కాబట్టి పైకి నిగనిగలాడే రేకును నమ్మకుండా మందాన్ని కొలుస్తాం. పలచబడిన రేకు మీద అతుకు వేయడం మానేసి, ఆ ముక్కను కోసి కొత్తది పెడతాం. పిన్నుల నుంచి క్రాస్ మెంబర్ పొడవునా, అక్కడినుంచి రెండు సైడ్ మెంబర్ల దాకా బలపరిచే పట్టీలను అంచులు ఏటవాలుగా కోసి అతికిస్తాం. పట్టీ ఒక్కసారిగా నిటారుగా ముగిస్తే ఆ అంచే కొత్త పగులుకు నాంది అవుతుంది. వెల్డింగును చిన్న చిన్న కుట్లుగా, ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన వేస్తాం, లేకపోతే వేడికి ఛాసిస్ వంకర తిరిగి వెనుక చక్రాల దిశ మారిపోతుంది. వెల్డింగుకు ముందూ తరువాతా మూలనుంచి మూలకు తీసిన కొలతల కాగితం మీ బిల్లుతోపాటు ఇస్తాం. బుష్‌ల విషయంలో రోడ్డు మీద నడిచే కార్లకు రబ్బరే వేస్తాం.

డిఫరెన్షియల్ గురించి చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు: పాతదాన్నే బాగుచేయాలా, నిస్సాన్ కంపెనీ ఆర్200 డిఫరెన్షియల్ వేయాలా? ఆ పేరులోని 200 దాని క్రౌన్ వీల్ వ్యాసం, మిల్లీమీటర్లలో. శక్తి బాగా పెంచిన కారుకు అది నిశ్చింత. అయితే అది నేరుగా వచ్చి కూర్చోదు. దాన్ని మోసే చట్రం తయారు చేయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చాలి, బరువు కొంత పెరుగుతుంది. ఆ చట్రాన్ని ఇప్పుడు బోల్టులతో బిగించేలా రూపొందించాం, పాత గూడును నూనె పూసి పెట్టెలో మీకే అప్పగిస్తాం. రేపు కారును ఫ్యాక్టరీ రూపానికి మార్చాలనుకునేవారికి దారి మూసుకుపోకూడదు. పాతదాన్నే ఉంచుకునేవారికి కొత్త బేరింగులు వేసి, క్రౌన్ వీల్, పినియన్ల పళ్ల మధ్య ప్లేను (వదులును) 0.10 నుంచి 0.15 మిల్లీమీటర్ల లోపల అమర్చి, పళ్లకు రంగు పూసి అవి ఎక్కడ రాసుకుంటున్నాయో ఫోటో తీసి చూపిస్తాం. ఈ పనిలో మా దగ్గర ఎప్పుడూ ఫిర్యాదు రాలేదు, కాబట్టి దాని గురించి ఇంతకుమించి రాయను.

డిఫరెన్షియల్ నుంచి ఒక్కో వెనుక చక్రానికి వెళ్లే హాఫ్ షాఫ్ట్‌ల సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే సామాను ఆలస్యమన్నది వాటి గురించే. ఫ్యాక్టరీ షాఫ్ట్‌లలో జారే స్ప్లైన్లు (షాఫ్ట్ పొడవు మారేందుకు ఒకదానిలో ఒకటి జారే పళ్ల గాళ్లు) ఉంటాయి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ స్ప్లైన్లు బిగుసుకుపోయి, కాలు తీయగానే ఒక్కసారిగా విడివడి, మలుపు మధ్యలో కారు వెనుక భాగాన్ని పక్కకు విదిలిస్తాయి. శక్తి పెరిగితే ఆ విదిలింపు కూడా పెరుగుతుంది. అందుకే సీవీ జాయింట్లు (వంగినా ఒకే వేగంతో తిప్పే కీళ్లు) ఉన్న షాఫ్ట్‌లు వేస్తున్నాం. ఈసారి వచ్చిన సరుకు కాఠిన్యాన్ని పరీక్ష చేయిస్తే తయారీదారు ఒప్పుకున్న అంకె రాలేదు, మొత్తం తిప్పి పంపాం. కొత్తవి వచ్చేదాకా నాలుగు కార్లు స్టాండ్ల మీదే ఉంటాయి.

ఫ్యాక్టరీ శక్తితో, నెమ్మదిగా నడిపే కారుకు ఆర్200 గానీ సీవీ షాఫ్ట్‌లు గానీ అక్కరలేదు. పగులు లేకపోతే పిన్నుల పరీక్ష, మంచి రబ్బరు బుష్‌లు, కొత్త హైపాయిడ్ ఆయిల్ (డిఫరెన్షియల్ గేర్ల నూనె) సరిపోతాయి. అలాంటి ఇద్దరికి నేను పెద్ద పని రాసి ఇచ్చాను. ఆ అంచనాలు రద్దు చేస్తున్నాను, ముందుగా కట్టిన సొమ్ము తిరిగి ఇస్తాను. దీనికి ఎదురుగా, వెనుక భాగం చూడనివ్వకుండా ఇంజిన్ మాత్రమే పెంచమని అడిగే పని ఇకమీదట ఒప్పుకోను.

మళ్లీ విప్పిన మూడు కార్ల ఖర్చు పూర్తిగా మాది. మొదటి విడతలో పగులు కనిపించని మూడు కార్లవారు కూడా వీలు చూసుకుని తీసుకురండి, కొత్త పట్టీలు, రబ్బరు బుష్‌లు ఉచితంగానే వేస్తాం. అప్పటిదాకా క్లచ్‌ను ఒక్కసారిగా వదిలి బండిని దూకించకండి, ఎత్తు ఎక్కేటప్పుడు రివర్సులో గట్టిగా లాగించకండి. క్లచ్ వదిలేటప్పుడు గానీ యాక్సిలరేటర్ నుంచి కాలు తీసేటప్పుడు గానీ వెనుక దెబ్బ వినిపిస్తే నడపడం ఆపి మాకు కబురు చేయండి, మేమే బండి పంపి తెప్పించుకుంటాం. కొత్త పద్ధతిలో పని పూర్తయిన కార్లు 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రావాలి. రబ్బరు అణిగిన తరువాత నాలుగు పిన్నుల నట్లనూ మళ్లీ బిగించి, ఆ కుడి మూలను లైటు వేసి చూసి పంపిస్తాం. గంటలోపు పని.