నడిచే పిల్లవాడికి అదనపు సమయం ఎందుకన్నారు

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా సంచికలో, మెదడులో కణితి తొలగించాక ఆరేళ్ల పాప క్షేమంగా ఇల్లు చేరిందన్న వార్త చదివి నేనూ మా ఆవిడా ఎంతో సంతోషించాం. అయితే ‘ఇక అందరు పిల్లల్లాగే బడికి వెళ్తుంది’ అన్న చివరి వాక్యం మాత్రం నన్ను ఇన్ని రోజులూ వెంటాడుతోంది. ఎనిమిదేళ్ల కిందట మా అబ్బాయి విషయంలో మాకూ ఇదే మాట చెప్పారు.

వాడికప్పుడు ఏడేళ్లు. చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కణితి. ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి నోట మాట లేదు. ఐదు వారాల తర్వాత వాళ్లమ్మ పాలగ్లాసు అందిస్తే ‘వద్దు’ అన్నాడు. ఆ ఒక్క మాటకు వార్డు ఆయమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. ఈ ఆపరేషన్ జరిగిన పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఇలా మాట ఆగిపోతుందని, మాట తిరిగి వచ్చినా ఆలోచనలో వేగం, జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గవచ్చని, ఆపైన తలకిచ్చే రేడియేషన్ ప్రభావం ఏళ్లు గడిచేకొద్దీ బయటపడుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితాల్లో మాత్రల వేళలున్నాయి, స్కానింగు తేదీలున్నాయి, చదువు గురించి ఒక్క ముక్క లేదు. చిన్నమెదడుకు ఆలోచనతోనూ భావోద్వేగాలతోనూ సంబంధం ఉందని ష్మామన్, షెర్మన్ అనే పరిశోధకులు 1998లోనే వివరించారు. మా వాడి సైన్సు పుస్తకంలో మాత్రం అది ఇప్పటికీ మనిషి తూలకుండా చూసే భాగమే.

ఇప్పుడు వాడు పదో తరగతి. ప్రశ్న చదివి వినిపిస్తే జవాబు నోటితో చెబుతాడు, రాయడమే నెమ్మది. బోర్డు మీది పాఠం సగం ఎక్కించుకునేలోపు మాస్టారు చెరిపేస్తారు. మొన్నటి పరీక్షలో సాంఘికశాస్త్రం పేపరు మొదటి పేజీలో రాసిన ప్రతి జవాబూ సరైనదే. మిగతా పేజీలన్నీ ఖాళీ. అట్ట మీద ఎర్ర సిరాతో ‘బద్ధకం’ అని రాసి పంపారు.

పరీక్షల్లో అదనపు సమయం కోసం వైకల్య ధ్రువపత్రం అడుగుతూ మూడుసార్లు తిరిగాం. చూపుంది, వినికిడి ఉంది, నడుస్తున్నాడు, ఏ కోవలోకీ రాడన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, దీర్ఘకాలిక నాడీ సమస్యలు ఉన్నాయి కదా అంటే, ముందు మనస్తత్వ నిపుణుడి పరీక్ష కావాలన్నారు. ఆ పోస్టేమో ఖాళీ. నలభై శాతం వైకల్యం లేదన్న కారణంతో రాతలో ఇబ్బంది ఉన్నవారికి లేఖకుణ్ణి నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో కేంద్రం అలాంటివారికి గంటకు 20 నిమిషాల అదనపు సమయంతో మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితాలు చేతిలో పెడితే తీసుకుని చదివిన అధికారి ఒక్కరూ లేరు. పింఛనుకు వెళ్లినా, రేషన్ కార్డుకు వెళ్లినా ఇదే వరస: కంప్యూటరులో గడి లేకపోతే ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా లేనట్టే.

ఇలాంటి పిల్లలను ఇంటికి పంపేముందే జ్ఞాపకం, ఏకాగ్రత పరీక్షించి, బడికి ఒక లేఖ రాసివ్వాలని ఆసుపత్రులను కోరుతున్నాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల ఉపాధ్యాయులకు ఈ పిల్లల గురించి శిక్షణ ఇవ్వాలని విద్యాశాఖను అర్థిస్తున్నాను. మార్చిలో మా వాడికి పబ్లిక్ పరీక్షలు. ధ్రువపత్రం ఇంకా రాలేదు.

మీ విలేఖరిని మరో రెండేళ్లకు ఆ పాప ఇంటికి మళ్లీ పంపండి. ఒక పేజీ రాయడానికి ఎంతసేపు పడుతోందో వాళ్లమ్మను అడగమనండి.

– ఒక విద్యార్థి తండ్రి, ఏలూరు