మాడ్యులర్ హెల్మెట్లు: ఇకపై ఏవి అమ్ముతాం, ఏవి అమ్మం

మా దగ్గర హెల్మెట్ కొన్నవాళ్లకీ, కొందామని చూస్తున్నవాళ్లకీ ఒక విషయం చెప్పాలి. గడ్డం దగ్గరి భాగం పైకి లేచే మాడ్యులర్ హెల్మెట్లలో రెండు మోడళ్లను అమ్మడం ఆపేశాం. మిగిలిన స్టాకు కంపెనీకి తిప్పి పంపేశాం. "మొన్నటిదాకా మీరే చూపించారు కదండీ, ఇంతలో ఏమైంది?" అని చాలామంది అడుగుతున్నారు. తలకు పెట్టుకునే వస్తువు గురించి అలా అడగడం మీ హక్కు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఒక కస్టమర్ తన హెల్మెట్ తెచ్చి, మూసినప్పుడు ఒకవైపే క్లిక్ మంటోందని చెప్పారు. టార్చి వేసి చూశాం. షెల్‌కి, అంటే బయటి గట్టి డొప్పకి, ఉన్న మెటల్ పిన్ను బాగానే ఉంది. దాన్ని పట్టుకోవాల్సిన కొక్కెం మాత్రం ప్లాస్టిక్‌ది, దాని అంచు అరిగి గుండ్రంగా అయిపోయింది. పైకి చూస్తే చిన్ బార్, అంటే గడ్డం దగ్గరి ఆ ముందుభాగం, మూసుకున్నట్టే ఉంది, సందు కూడా కనపడదు. కింద బొటనవేలు పెట్టి ఎత్తితే మాత్రం కుడివైపు ఊడి వచ్చేస్తోంది. ఆ తర్వాత సర్వీసుకు వచ్చిన అదే రకం హెల్మెట్లన్నీ ఇలాగే పరీక్షించాం. కొన్నిటిలో అదే అరుగుదల కనపడింది. అదే కొక్కెం వాడిన ఇంకో మోడల్‌లోనూ ఉంది. కంపెనీవాళ్లను అడిగితే, వాడకంలో అది మామూలేనని, గట్టిగా నొక్కి మూయమని చెప్పండని అన్నారు. ఆ జవాబు మీకు చెప్పి పంపడానికి నాకు మనసొప్పలేదు.

ఎందుకంటే మాడ్యులర్ హెల్మెట్ భద్రత చాలావరకు ఆ లాక్ మీదే ఆధారపడి ఉంటుంది. ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి షెల్ అంతా ఒకటే ముక్క. మాడ్యులర్‌లో ముందుభాగం విడి ముక్క, రెండు పక్కలా కీలు మీద తిరుగుతుంది, కింద రెండు కొక్కేలతో నిలబడుతుంది. గడియ సగమే పడిన తలుపు గాలికి తెరుచుకున్నట్టు, ఒకవైపే పట్టిన చిన్ బార్ దెబ్బ తగలగానే లేచిపోవచ్చు. అప్పుడు మీ నెత్తిన ఉన్నది ముఖం తెరిచి ఉన్న హెల్మెట్టే. జర్మనీలోని హానోవర్‌లో డైట్మార్ ఓటే నిజమైన ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లను పరిశీలించినప్పుడు, దాదాపు మూడో వంతు దెబ్బలు గడ్డం, ముఖం భాగంలోనే తగిలినట్టు తేలింది. ముందుభాగం అవసరం ఎంతో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అలాగని మాడ్యులర్ అనే రకమే పనికిరాదని నేను అనడం లేదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకి ఇది పెద్ద సుఖం, తీసి పెట్టుకోవడం సులువు. ప్రమాదం జరిగినప్పుడు హెల్మెట్ తీయకుండానే ముందుభాగం ఎత్తి ఊపిరి ఆడుతోందో లేదో చూడొచ్చు. మెడకు గాయమై ఉంటే ఆ వెసులుబాటు చాలా విలువైనది. మంచి లాక్ ఉండి, తలకు సరిపోయి, మూసి నడిపే మాడ్యులర్‌ను రోజువారీ ప్రయాణానికి నేను ధైర్యంగా ఇస్తాను. రేస్ ట్రాక్ మీదకు వెళ్లేవాళ్లకు మాత్రం ఇవ్వను, ఫుల్ ఫేసే తీసుకోమంటాను. కీళ్లు, కొక్కేల వల్ల మాడ్యులర్ ఫుల్ ఫేస్ కన్నా కాస్త బరువుంటుంది. గాలి చప్పుడు కూడా ఎక్కువే. ఇవి ముందే తెలుసుకుని కొనాలి.

కొనేటప్పుడు స్టిక్కర్ చూసి మోసపోకండి. హెల్మెట్ వెనక డాట్ అని రాసి ఉంటే అది అమెరికా ప్రమాణం. ఆ పరీక్షల్లో చిన్ బార్ పరీక్షే లేదు. పైగా ప్రమాణానికి తగ్గట్టు ఉందని తయారీదారే ప్రకటించుకుంటాడు. కాబట్టి మాడ్యులర్ ముందుభాగం గురించి ఆ స్టిక్కర్ ఏమీ చెప్పదు. ఐరోపాలో వాడే ఈసీఈ ప్రమాణం ఉన్నదైతే స్ట్రాప్‌కి కుట్టిన చిన్న లేబుల్ తిప్పి చూడండి. గుండ్రని గీతలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన అనుమతి ఇచ్చిన దేశం అంకె ఉంటాయి: 1 అంటే జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ. దాని కింద పొడవాటి నంబరు ఉంటుంది. ఆ నంబరు 06తో మొదలైతే కొత్త 22.06 ప్రమాణం, 05 అయితే పాతది. నంబరు తర్వాత వచ్చే అక్షరాలే మాడ్యులర్‌కి అసలు కీలకం. పీ అంటే ముందుభాగం రక్షణ ఇస్తుందని పరీక్షలో తేలింది. జే అంటే ముఖం తెరిచి ఉన్న హెల్మెట్‌గా పరీక్షించారు. పీ, జే రెండూ ఉంటే మూసి ఒకసారి, తెరిచి ఒకసారి పరీక్షించి ఒప్పుకున్నారని అర్థం. ఎన్‌పీ అని ఉంటే గడ్డం దగ్గర ఉన్నది రక్షణ కోసం కాదని వాళ్లే చెప్తున్నట్టు. చూడ్డానికి అది కూడా మాడ్యులర్‌లాగే ఉంటుంది, అందుకే అది ఇకపై మా అరల్లో కనపడదు.

22.06 ఎందుకు మేలంటే, పాత ప్రమాణంలో చిన్ బార్ మినహా మిగతా చోట్ల దెబ్బ వేగం సెకనుకు 7.5 మీటర్లు ఒక్కటే. కొత్తదాంట్లో దానికి తోడు 6 మీటర్లు, 8.2 మీటర్ల వేగంతోనూ కొడతారు. వాలుగా తగిలే దెబ్బకు తల ఎంత గిర్రున తిరుగుతుందో కూడా కొలుస్తారు. మెదడు గాయాల్లో ఆ తిప్పుడు పాత్ర పెద్దది. అయినా ప్రమాణం పాసైన హెల్మెట్లన్నిటికీ లాక్ ఒకే తీరుగా నిలబడుతుందని కాదు. దీనికి నేను నమ్మేది బ్రిటన్ ప్రభుత్వ షార్ప్ పరీక్షలను. వాళ్లు ఒక్కో మోడల్ మీద 32 దెబ్బల పరీక్షలు చేసి, 1 నుంచి 5 దాకా స్టార్లు ఇస్తారు. మాడ్యులర్ అయితే ఎన్ని పరీక్షల్లో చిన్ బార్ పూర్తిగా లాక్‌లోనే ఉందో శాతంలో విడిగా ప్రకటిస్తారు. స్టార్లు బాగున్నా ఆ శాతం తక్కువున్న మోడళ్లు ఉన్నాయి. కొత్త మోడల్ తెప్పించేముందు ఇకపై నేను మొదట చూసేది ఆ అంకెనే. షార్ప్ పరీక్షించని మోడలైతే రెండువైపులా మెటల్ కొక్కెం, మెటల్ పిన్ను ఉండాలి, లేబుల్ మీద పీ ఉండాలి, చిన్ బార్ లోపల మెత్తటి స్పాంజి ఒక్కటే కాక దెబ్బను పీల్చుకునే థర్మాకోల్ పొర ఉండాలి. ఆ స్పాంజి తీసి మీకే చూపిస్తాం, మొహమాటపడకుండా అడగండి.

దీనివల్ల మా దగ్గర రకాలు తగ్గాయి. తక్కువ ధరలో మాడ్యులర్ కావాలని వచ్చి, లేదంటే వెళ్లిపోతున్నవాళ్లున్నారు. అదే డబ్బుకి మంచి ఫుల్ ఫేస్ వస్తుందని చెప్తున్నాను. బడ్జెట్ తక్కువైతే నిజంగా అదే సరైన బేరం.

ఇప్పటికే మాడ్యులర్ వాడుతున్నవాళ్లు, ఎక్కడ కొన్నా సరే, ఇంట్లోనే చూసుకోగల పరీక్ష ఒకటుంది. చిన్ బార్‌ను నడిమధ్య పట్టుకుని మూయండి, రెండువైపులా క్లిక్ వినపడాలి. తర్వాత బటన్ ముట్టుకోకుండా ఎడమ మూల, కుడి మూల విడివిడిగా పైకి లాగండి. ఏ వైపు కదిలినా ఆ హెల్మెట్‌తో బండెక్కకండి. బయల్దేరే ప్రతిసారీ ఇలా లాగి చూడటం అలవాటు చేసుకోండి. దుమ్ము, వాననీళ్లు చేరి లోపలి స్ప్రింగ్ బిగుసుకుపోతే బటన్ ఆలస్యంగా వెనక్కి వస్తుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి సబ్బుతో తుడిచి ఆరబెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. పెట్రోలు, థిన్నర్ మాత్రం వద్దు, అవి ప్లాస్టిక్ షెల్‌ను లోలోపల పాడుచేస్తాయి. తెరిచిన చిన్ బార్‌లోంచి మోచెయ్యి దూర్చి హెల్మెట్ మోయడం చాలామందికి అలవాటు. ఆ బరువంతా కీలు మీదే పడుతుంది.

ఇంకొకటి, గట్టిగా చెప్తున్నాను. లేబుల్ మీద పీ ఒక్కటే ఉంటే ముందుభాగం ఎత్తి బండి నడపకండి. అలా నడపడానికి దాన్ని పరీక్షించలేదు. పైకి లేచిన ఆ ముక్క గాలిని పట్టి తలను వెనక్కి లాగుతుంది, పడితే మెడను మెలిపెడుతుంది. పీ, జే రెండూ ఉన్నదైనా, తెరిచి ఉంచే చిన్న లాక్ ఉంటే అది వేశాకే నడపండి. సైజు కూడా మూసి పెట్టుకునే చూడండి. తెరిచి పెట్టుకుంటే వదులుగా ఉన్నదే హాయిగా అనిపించి, ఒక సైజు పెద్దది కొనేస్తారు.

ఆపేసిన ఆ రెండు మోడళ్లు మా దగ్గర కొన్నవాళ్లందరూ ఒకసారి తీసుకురండి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, చూసినందుకు ఏమీ తీసుకోం. లాక్ గట్టిగా ఉంటే అదే మాట చెప్పి పంపుతాం, కొన్ని నెలలకు మళ్లీ రమ్మంటాం. అరుగుదల కనపడితే ఆ హెల్మెట్ వెనక్కి తీసుకుని, వేరేది ఇచ్చేటప్పుడు పాతదాని విలువ కొత్తదాని ధరలో తగ్గిస్తాం. ఎంత తగ్గిస్తామో వస్తువు చూశాకే చెప్పగలను. ఒకసారి గట్టిగా కింద పడినదైతే లాక్ బాగున్నా సరే వాడొద్దనే చెప్తాం, లోపలి థర్మాకోల్ ఒక దెబ్బకే నలిగిపోతుంది, బయటికి తెలియదు. తెచ్చేముందు లాక్‌లో నూనె, గ్రీజు వేయకండి. అరిగిన అంచు జిడ్డు కింద కనపడదు.