ఫిట్స్ కేసుల అంబులెన్స్ వైద్యంపై పరిశోధన చేయించండి
తెలంగాణ ఆరోగ్యశాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర మా తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. ఎవరో పరుగున వచ్చి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. ఇంకొకాయన నోట్లో చెంచా పెట్టబోతే నేనే ఆపాను. అంబులెన్స్ వచ్చేసరికి వాడు లేచి కూర్చున్నాడు, నాలుక కొరుక్కుని చొక్కా నిండా రక్తం. ఆసుపత్రికా, ఇంటికా? ఎవరికీ తేలలేదు.

ఫిట్స్ 5 నిమిషాలు దాటితే ప్రాణం మీదికి రావచ్చు. అంబులెన్సులో నరానికిచ్చే లోరాజెపాం ఇంజెక్షన్ కన్నా కండరానికిచ్చే మిడజోలం ఇంజెక్షన్‌తోనే ఎక్కువమందికి ఫిట్స్ ఆగాయని 2012లో వెలువడిన అమెరికా పరిశోధన తేల్చింది. షుగర్ పడిపోయినా ఫిట్స్ రావచ్చు, అది కూడా అక్కడే చూడాలి.

నిమ్స్, గాంధీ, ఉస్మానియా న్యూరాలజీ డాక్టర్లతో కలిసి ఏడాదిపాటు ఫిట్స్ కోసం అంబులెన్సుకు వచ్చే కాల్స్‌ను వెంబడించండి సార్: ఎన్ని నిమిషాలు, ఏ మందు, తర్వాత ఏమైంది. ఇంట్లోవాళ్లనూ అడగండి. ఆ 5 నిమిషాలూ పక్కనుండేది మేమే.

ఇట్లు,
ఒక అక్క, హైదరాబాద్