స్విచ్ పోర్టుల పేర్లు: టెండర్లలో ఒక షరతు చేర్చాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయాల్లో, కళాశాలల్లో నెట్ ఆగిపోతే నింద ముందుగా కనెక్షన్ ఇచ్చిన కంపెనీ మీద పడుతుంది. అయితే నేను చూసినంతలో, మరమ్మతుకు పట్టే సమయంలో చాలా భాగం రాక్ (నెట్‌వర్క్ పరికరాలు బిగించే చట్రం) ముందు నిలబడి ఏ కేబుల్ ఏ పోర్టుదో, ఆ పోర్టు ఏ గదికి వెళ్తుందో వెతుక్కోవడానికే పోతుంది. స్విచ్ అంటే గదుల నుంచి వచ్చే కేబుళ్ళన్నిటినీ కలిపే పెట్టె, పోర్టు అంటే దానిలో కేబుల్ దూర్చే రంధ్రం. స్విచ్ పోర్టులకు పేర్లు లేక కాదు, ఆ పేర్లు స్విచ్ తయారుచేసే ఒక్కో కంపెనీలో ఒక్కో తీరుగా ఉండటమూ, అవి చెప్పని సమాచారాన్ని ఎవరూ రాసి పెట్టకపోవడమూ ఇందుకు కారణం.

సిస్కో కంపెనీ కెటలిస్ట్ స్విచ్‌లో ‘గిగాబిట్ ఈథర్‌నెట్ 1/0/24’ అని కనిపిస్తే మొదటి మాట వేగం చెబుతుంది. 1 అంటే కలిపి ఒకటిగా నడిపే స్టాక్‌లో మొదటి స్విచ్, 0 అంటే విడి మాడ్యూల్ కాకుండా స్విచ్‌తో పాటే వచ్చిన పోర్టుల వరుస, 24 అంటే అందులో పోర్టు సంఖ్య. అదే కంపెనీ నెక్సస్ స్విచ్‌లలో మాత్రం వేగం ఎంతైనా ‘ఈథర్‌నెట్ 1/24’ అనే ఉంటుంది. అరిస్టా కంపెనీ కూడా పేరులో వేగం చెప్పదు. జునిపర్ కంపెనీ స్విచ్‌లలో జీఈ అంటే ఒక గిగాబిట్, ఎక్స్‌ఈ అంటే పది గిగాబిట్లు. పైగా లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

ఈ సున్నా తెచ్చే తంటా తక్కువది కాదు. ‘జీఈ-0/0/5 కేబుల్ ఒకసారి తీసి పెట్టు బాబూ’ అని ఫోన్‌లో చెబితే అక్కడున్న కుర్రాడు అయిదో కేబుల్ తీస్తాడు, తీయవలసింది ఆరోది. స్విచ్ మీద సంఖ్యలు అచ్చువేసే ఉంటాయి గానీ, కేబుళ్ళు కమ్మేసిన రాక్‌లో అవి కనబడక అతను వేలితో లెక్కపెట్టుకుంటాడు. సంఖ్యలు పైన ఒకటి, కింద ఒకటి చొప్పున నడుస్తాయి కనుక కింది కేబుల్‌కు బదులు దాని మీదిది ఊడుతుంది, సంబంధం లేని మరో గదిలో పని ఆగిపోతుంది.

వేగాన్ని పేరులో కలపడం వల్ల ఇంకో చిక్కు ఉంది. జునిపర్ ఈఎక్స్ శ్రేణి స్విచ్‌లో ఒక గిగాబిట్ ఆప్టికల్ మాడ్యూల్ (ఫైబర్ కేబుల్ తగిలించే చిన్న ముక్క) తీసి పది గిగాబిట్లది పెడితే, జీఈ-0/2/0 అన్నది ఎక్స్‌ఈ-0/2/0 అవుతుంది. పాత పేరు కింద రాసుకున్న సెట్టింగులు ఫైలులో అలాగే ఉంటాయి, కొత్త పేరుకు మాత్రం వర్తించవు. రంధ్రం అదే, కేబుల్ అదే, లింకు లైటు కూడా వెలుగుతుంది, కానీ ఆ పోర్టుకు చెందిన వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసి నడిపే నెట్‌వర్క్) ఉండదు. పర్యవేక్షణ ప్రమాణాలు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించాయి: 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3635 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం వేగం ఏదైనా ఈథర్‌నెట్ పోర్టులన్నిటి రకాన్నీ సూచించేది 6 అనే సంఖ్యే, వేగాన్ని వేరే గడిలో చూసుకోవాలి.

పోర్టుల రకాల విషయంలోనూ ఇదే గందరగోళం. చేత్తో తాకగల పోర్టులు ఒక జాతి. వీలాన్ ఇంటర్‌ఫేస్, లూప్‌బ్యాక్ (స్విచ్ తనకోసం పెట్టుకునే ఊహా పోర్టు), కొన్ని లింకులను కలిపి కట్టిన పోర్ట్-చానల్ వంటి సాఫ్ట్‌వేర్‌లోనే ఉండేవి మరో జాతి. తాకగల పోర్టు కూడా యాక్సెస్ (ఒకే వీలాన్‌ది) కావచ్చు, ట్రంక్ (చాలా వీలాన్లను మోసేది) కావచ్చు, రౌటెడ్ (నెట్‌వర్క్‌ల మధ్య దారి చూపేది) కావచ్చు. పని మారినా పేరు మారదు. నేను ఇంటర్వ్యూ చేసే డిప్లొమా, ఇంజినీరింగ్ విద్యార్థుల్లో చాలామంది ఒక కంపెనీ కమాండ్లు కంఠస్థం చేసి వస్తారు గానీ, పేరులో స్థానం ఏది, వేగం ఏది, పని ఎక్కడ తెలుస్తుందన్న ప్రశ్నకు తడబడతారు. తప్పు వారిది కాదు, ల్యాబ్‌లో వారికి చూపించింది అంతే.

పేరు చెప్పని సంగతి రాసుకోవడానికి స్విచ్‌లోనే చోటు ఉంది. డిస్క్రిప్షన్ అనే ఆ వరుసలో ‘బీ బ్లాక్, రెండో అంతస్తు, ల్యాబ్ 3, గోడ పాయింట్ 14’ అన్న పాటి సమాచారం ఇంగ్లిష్ అక్షరాల్లో సులువుగా పడుతుంది. పర్యవేక్షణ తెరలు ఈ వరుసను చదవగలవు కూడా. పోర్టుకు స్విచ్ లోపల ఇచ్చుకునే సూచిక సంఖ్య కొన్ని స్విచ్‌లలో రీస్టార్ట్‌తో మారిపోవచ్చు గనుక, దాన్నే నమ్ముకున్న తెర ఒక గది లెక్కను మరో గది పేరున చూపించే ప్రమాదం ఉంది.

నేను చూసిన టెండరు పత్రాల్లో పోర్టుల సంఖ్య, వేగం, వారంటీ ఉంటాయి, అప్పగింత నాటి పోర్టుల జాబితా ప్రస్తావన ఉండదు. ప్రతి పోర్టుకూ డిస్క్రిప్షన్ రాసి, దాని ముద్రిత ప్రతిని రాక్ తలుపుకు అంటించి ఇవ్వాలన్న షరతును సంబంధిత శాఖలు చేర్చాలని కోరుతున్నాను. బిల్లు మంజూరు చేసే అధికారి ఆ జాబితాలోంచి తనకు తోచిన నాలుగు పోర్టులు ఎంచుకుని, గోడ పాయింటు దాకా నడిచి సరిచూసుకున్నాకే సంతకం పెట్టాలి.

భవదీయుడు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, విజయవాడ